కార్డు కన్నా ముందు ఎస్సెంపీఎస్

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడల్లో పెళ్లి వీడియోలు మిక్సింగ్ చేసే గదుల్లో బల్ల కింద ఉండే సీపీయూ తరచుగా ఏ డెల్లో, హెచ్‌పీయో, లెనోవోనో అయి ఉంటుంది. ఆఫీసు పనికోసం కంపెనీ వాళ్లే బిగించి పంపిన సిస్టమ్ అది. హైదరాబాదులో ఏదో కార్యాలయంలో కొన్నేళ్లు పనిచేసి, సెకండ్‌హ్యాండ్ ధరకు విజయవాడ హైవే మీదుగా ఇటు చేరుతుంది. డబ్బా గట్టిది, మదర్‌బోర్డు నమ్మకమైనది, ధర అందుబాటులో ఉంటుంది. కెమెరాలు ఫోర్‌కేకి మారాక మాత్రం దానికి ఆయాసం మొదలవుతుంది. టైమ్‌లైన్ మీద క్లిప్పు ఆగి ఆగి కదులుతుంది. రెండు గంటల పెళ్లి రెండర్ కావడానికి రాత్రంతా పడుతుంది. అప్పుడు అందరి నోటా వచ్చే మాట ఒకటే: గ్రాఫిక్స్ కార్డు వేయించు. ఎన్ని జీబీల కార్డు, ఎంత ధర, సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్లో తక్కువకు వస్తుందా విజయవాడలో వస్తుందా అని ఆరా తీస్తారు. డబ్బాలో ఓ మూలన కూర్చుని అన్నింటికీ కరెంటు పంచే ఎస్సెంపీఎస్ ఊసు ఎత్తేవాళ్లు తక్కువ. మొదట అడగాల్సింది దాని గురించేనని, డబ్బు ముందుగా పెట్టాల్సింది కూడా దాని మీదేనని నా వాదన.

ఇది ఈ ప్రాంతానికి కొత్తగా నేర్పాల్సిన విషయం కాదు. సాగర్ ఎడమ కాలువ నీళ్లు అందని చోట బోరు వేసుకున్న ఏ రైతునైనా అడగండి. ఐదు హార్స్‌పవర్ మోటారుకు వేసిన కేబులు మీద, దాని స్టార్టరు మీద, ఏడున్నర మోటారు నడపడు. ఒక హార్స్‌పవరంటే 746 వాట్లు అని అతను లెక్క కట్టకపోవచ్చు గానీ, మోటారు పెంచితే దాని వెనకున్నవన్నీ పెంచాలని అతనికి తెలుసు. ఇంకో సంగతి కూడా తెలుసు. మోటారు నడిచేటప్పుడు లాగే కరెంటు వేరు, లేచేటప్పుడు లాగేది వేరు. నేరుగా స్టార్ట్ చేస్తే ఆ క్షణంలో ఐదారు రెట్లు లాగుతుంది. పోయిన కరెంటు రాగానే ఆటో స్టార్టర్లున్న మోటార్లన్నీ ఒక్కసారే లేస్తే ట్రాన్స్‌ఫార్మర్ ఏమవుతుందో ఊళ్లలో చూడనివాళ్లు లేరు. 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల కరెంటు మొదలైనప్పుడు ఆటో స్టార్టర్లు తీసేయమని ఊరూరా చెప్పారు కూడా. గ్రాఫిక్స్ కార్డు తీరూ అంతే. అట్టపెట్టె మీద 170 వాట్లు అని ఉంటే అది సగటు లెక్క. రెండరింగ్ మధ్యలో కొన్ని మిల్లీసెకన్ల పాటు అది అంతకన్నా బాగా ఎక్కువే లాగుతుంది. ఆ క్షణాన్ని తట్టుకోవాల్సింది ఎస్సెంపీఎస్.

లెక్క ఒకసారి వేసి చూద్దాం. 2013లో వచ్చిన డెల్ ఆప్టిప్లెక్స్ 9020 టవరు మోడల్‌లో ఎస్సెంపీఎస్ 290 వాట్లది. అందులోని నాలుగో తరం ఐ5 ప్రాసెసర్ 84 వాట్లది. మదర్‌బోర్డు, ర్యామ్, హార్డ్ డిస్కు, ఫ్యాను కలిపి ఇంకో 50 వాట్లు వేసుకుందాం. మొత్తం 134 అయింది. మదర్‌బోర్డు మీదున్న పీసీఐ ఎక్స్‌ప్రెస్ స్లాటు తనంతట తాను ఇవ్వగలిగేది 75 వాట్లు. జీటీఎక్స్ 1650 కార్డుల్లో వేరే కేబులు అడగనివి ఆ 75లోనే సరిపెట్టుకుంటాయి. అప్పుడు మొత్తం 209. ఎస్సెంపీఎస్ మంచి స్థితిలో ఉంటే ఇది నడుస్తుంది. అదే డబ్బాలో ఆర్‌టీఎక్స్ 3060 పెట్టామనుకోండి. దానికి 170 వాట్లు కావాలి, మొత్తం 304కి చేరుతుంది. పైగా ఆ కార్డుకు ఎనిమిది పిన్నుల కేబులు విడిగా రావాలి, పాత ఎస్సెంపీఎస్‌లో ఆ కేబులే లేదు. ఎన్విడియా ఆ కార్డుకు 550 వాట్ల ఎస్సెంపీఎస్ ఉండాలని చెప్పింది. అయినా పని కానిచ్చేయడానికి బజారులో ఒక చిన్న కేబులు దొరుకుతుంది: ఒక చివర హార్డ్ డిస్కుకు కరెంటిచ్చే సాటా పిన్ను, రెండో చివర కార్డుకు పెట్టే ఆరు పిన్నులదో ఎనిమిది పిన్నులదో. సాటా పిన్ను 12 వోల్టుల దగ్గర నాలుగున్నర ఆంపియర్లకే తయారైంది, అంటే 54 వాట్లు. ఎనిమిది పిన్నుల సాకెట్ అడగగలిగేది 150. తట్టుకోగలిగినదానికన్నా ఎక్కువ కరెంటు పారడంతో ఆ ప్లాస్టిక్ పిన్ను వేడెక్కిపోతుంది. ఆ కేబులు కొనవద్దని గట్టిగా చెబుతున్నాను.

సరే, ఎస్సెంపీఎస్ మారుస్తామంటారు. అక్కడ రెండో చిక్కు. దుకాణంలో 450 వాట్లు అని పెద్ద అక్షరాలతో ఉన్న డబ్బా చౌకగా దొరుకుతుంది. దాన్ని చేతిలోకి తీసుకుని పక్కనున్న స్టిక్కరు చదవండి. చిన్న గడుల పట్టిక ఉంటుంది: 3.3 వోల్టులు, 5 వోల్టులు, 12 వోల్టులు, ఒక్కోదాని కింద ఆంపియర్లు. ప్రాసెసరూ గ్రాఫిక్స్ కార్డూ బతికేది 12 వోల్టుల గడి మీదే. అక్కడ 16 ఆంపియర్లు అని ఉంటే, 12ను 16తో గుణించండి: 192 వాట్లు. పైన ఎంత పెద్ద అంకె ఉన్నా మన పనికి అది 192 వాట్ల పెట్టె. నిజాయతీగా చేసిన 550 వాట్ల ఎస్సెంపీఎస్‌లో ఆ గడిలో 40 ఆంపియర్లకు పైగా ఉంటుంది. చేత్తో తూచినా తేడా తెలుస్తుంది, ఎందుకంటే లోపలి ట్రాన్స్‌ఫార్మరు, కెపాసిటర్లు, వేడిని లాగే అల్యూమినియం రేకులు బరువైనవి. 80 ప్లస్ అనే గుర్తు కూడా చూడాలి. 2004లో మొదలైన ఆ పరీక్షలో 20, 50, 100 శాతం లోడు దగ్గర ఎస్సెంపీఎస్‌ను నడిపి, తీసుకున్న కరెంటులో ఎంత వాడుకలోకి వస్తోందో కొలుస్తారు. దానివల్ల కరెంటు బిల్లులో మిగిలేది కొద్దిగానే. నాకు దాని విలువ వేరేచోట కనిపిస్తుంది. రాసిన లోడంతా ఒకసారైనా నిజంగా మోసి చూపించిందన్న హామీ అది.

ఇక్కడ ఒక అభ్యంతరం తప్పకుండా వస్తుంది. ఆ చౌక ఎస్సెంపీఎస్‌తోనే రెండేళ్లుగా నడుపుతున్నాం, ఏమీ కాలేదు కదా అని. అది నిజమే అయి ఉంటుంది. బిల్లులు కొట్టడం, ఫొటోలు సరిచేయడం, పాటలు వినడం లాంటి పనుల్లో సిస్టమ్ వంద వాట్లు కూడా లాగదు. కార్డు వేశాక రెండరింగ్ మొదలైతేనే ఎస్సెంపీఎస్‌కు అసలు పరీక్ష, అదీ గంటల తరబడి. మన దగ్గర ఆ పరీక్ష ఏ కాలంలో వస్తుందో చూడండి. వైశాఖ జ్యేష్ఠాల ముహూర్తాలు వరసగా పడి పని నెత్తి మీదికొచ్చే రోజులు, బయట ఎండ 44, 45 డిగ్రీలకు వెళ్లే రోజులు ఒకటే. ఎస్సెంపీఎస్ ఎన్ని వాట్లు ఇస్తుందన్నది ఎంత వేడిలో అన్నదాని మీద ఆధారపడుతుంది. మంచి కంపెనీలు 40 డిగ్రీలకో 50 డిగ్రీలకో లెక్క చెప్పి మరీ రాస్తాయి. చౌక రకాల మీద ఆ మాటే ఉండదు. మిర్యాలగూడలో దీనికి ఊక ధూళి తోడవుతుంది. బియ్యం మిల్లుల వైపు కిటికీ తెరిచి ఉన్న గదిలో ఫ్యాను రెక్కల అంచుకు బూడిదరంగు పొర కట్టడానికి ఎక్కువ రోజులు పట్టదు. గాలి ఆడని ఎస్సెంపీఎస్ తన శక్తిలో కొంత అక్కడే పోగొట్టుకుంటుంది.

యూపీఎస్ ఉన్నా కరెంటు పోగానే సిస్టమ్ రీస్టార్ట్ అవుతోందని చాలామంది బాధపడతారు. బ్యాటరీ మీద అనుమానపడి దాన్ని మారుస్తారు. దోషం ఎస్సెంపీఎస్‌లో ఉండే అవకాశాన్ని కూడా చూడాలి. లోపల ఒక పెద్ద కెపాసిటరు ఉంటుంది. గోడలోంచి వచ్చే 230 వోల్టుల కరెంటును డీసీగా మార్చి, సుమారు 325 వోల్టుల దగ్గర అందులో నిలవ చేస్తారు. కరెంటు తెగిపోయినా ఆ నిలవతో సెకనులో అరవయ్యో వంతు సేపు సిస్టమ్‌ను మోయాలన్నది ఏటీఎక్స్ ప్రమాణం. మామూలు యూపీఎస్ బ్యాటరీకి మారడానికి కొన్ని మిల్లీసెకన్లు తీసుకుంటుంది, ఈ నిలవ ఆ సందును దాటిస్తుంది. ఖర్చు తగ్గించుకోవడానికి చిన్న కెపాసిటరు పెట్టినచోట, ఖాళీగా ఉన్న సిస్టమ్ ఆ సందును దాటేస్తుంది. కార్డు నిండా పనిచేస్తున్న సిస్టమ్ దాటలేదు. రెండరింగ్ తొంభై శాతం దగ్గర తెర నల్లబడుతుంది. (ఆ కెపాసిటరులో ప్లగ్గు తీశాక కూడా ప్రమాదకరమైన వోల్టేజి మిగిలి ఉండొచ్చు. ఎస్సెంపీఎస్ మూత ఎవరూ విప్పకూడదు.)

ఇంత పట్టుదల ఎందుకంటే, హార్డ్ డిస్కుకు కూడా కరెంటిచ్చేది ఆ పెట్టే. కార్డు చెడిపోతే స్టూడియోకు పోయేది డబ్బు. ఎస్సెంపీఎస్ అదుపు తప్పి ఎక్కువ వోల్టేజి వదిలితే దానికి తగిలించిన డిస్కులన్నీ పోవచ్చు. ఆ డిస్కులో ఉన్నది ఎవరిదో జీలకర్రా బెల్లం పెట్టిన నిమిషం, అప్పగింతల్లో తల్లి ముఖం, ఆ తర్వాత ఏడాదికి బతికి ఉండని తాతయ్య అక్షింతలు వేయడం. మళ్లీ షూట్ చేయడానికి లేని పని అది. ఎక్కువ వోల్టేజిని గుర్తించి తనంతట తాను ఆగిపోయే రక్షణ మంచి ఎస్సెంపీఎస్‌లలో ఉంటుంది. ఆ ఒక్కదాని కోసమే నేనైతే కార్డు మీద రెండు వేలు తగ్గించుకుని దీని మీద పెట్టమంటాను.

కార్డు అసలు అవసరమా అన్న ప్రశ్న కూడా దాటవేయకూడదు. ఫ్లెక్సీలు డిజైన్ చేసేవారికి, అను ఫాంట్లతో డీటీపీ చేసేవారికి పెద్ద కార్డు వల్ల ఒరిగేది స్వల్పం; వాళ్లకు ర్యామ్ పెంచుకోవడం, ఎస్‌ఎస్‌డీ వేసుకోవడం మేలు. పెళ్లి వీడియోల వాళ్లకు కార్డు ఉపయోగం నిజమే. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ప్రీమియర్ 2010 నుంచే ఎన్విడియా కార్డు మీద ఎఫెక్టుల పని చేయించుకుంటోంది. అయితే కొత్త మిర్రర్‌లెస్ కెమెరాల్లో టెన్ బిట్ 4:2:2 పద్ధతిలో హెచ్265గా రికార్డు చేసే స్టూడియోలు ఒకటి గమనించాలి. ఆ ఫైళ్లను 2025లో వచ్చిన ఆర్‌టీఎక్స్ 50 సిరీస్‌కు ముందు ఎన్విడియా కార్డులేవీ తమ హార్డ్‌వేర్‌తో విప్పలేవు. ఇంటెల్ పదకొండో తరం ప్రాసెసర్లలో ఉన్న లోపలి గ్రాఫిక్స్ విప్పగలదు. పాత ఐ5 డబ్బాలో ఖరీదైన 3060 పెట్టినా ఆ క్లిప్పులు ఆగి ఆగే కదులుతాయి, పెట్టినవారు మోసపోయామనుకుంటారు. కోదాడ చుట్టుపక్కల ఇంజినీరింగ్ చదువుతూ ఏఐ మోడళ్లు నడపాలనుకునే పిల్లలకు మాత్రం 3060లోని 12 జీబీ మెమరీ నిజంగా పనికొస్తుంది.

మరి అంత లెక్క ఎందుకు, కొత్త సిస్టమే కొనుక్కోవచ్చు కదా అనేవారి మాటలో బలం ఉంది. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. నాలుగో తరం డబ్బాలకు విండోస్ 11 అధికారికంగా రాదు. అలాంటి దానిలో ముప్పై వేల కార్డు పెట్టడం నాకూ సమ్మతం కాదు. సరిగ్గా అందుకే ఎస్సెంపీఎస్ ముందు అంటున్నాను. మంచి ఎస్సెంపీఎస్‌కు ఐదు నుంచి పదేళ్ల వారంటీ ఉంటుంది, రేపు కొత్త మదర్‌బోర్డు కొన్నప్పుడు దాన్ని విప్పి అందులో బిగించుకోవచ్చు. ధర కార్డు ధరలో మూడో వంతు ఉందని గింజుకునేవారు రెండు సిస్టమ్‌ల మీద ఆ ఖర్చు పంచి చూడాలి. ఒక అడ్డంకి మాత్రం ఉంది. ఆప్టిప్లెక్స్ 7010 మదర్‌బోర్డుకు అందరూ వాడే 24 పిన్నుల కేబులే పెడతారు, దాని తర్వాతి 9020కి వచ్చేసరికి ఎనిమిది పిన్నుల సొంత పద్ధతి. హెచ్‌పీ, లెనోవో ఆఫీసు సిస్టమ్‌లలోనూ ఇలాంటి సొంత పిన్నులే ఎక్కువ. టవరు డబ్బా అయితే మార్పిడి కేబులు తెప్పించుకుని మామూలు ఏటీఎక్స్ ఎస్సెంపీఎస్ బిగించవచ్చు. సన్నటి స్లిమ్ డబ్బాలో మామూలు ఎస్సెంపీఎస్ పట్టదు. అక్కడ 75 వాట్ల లోపు, సగం ఎత్తు కార్డుతోనే తృప్తిపడాలి. 70 వాట్లతో నడిచే ఆర్‌టీఎక్స్ 3050 ఆరు జీబీ కార్డు 2024లో వచ్చింది కాబట్టి ఆ తృప్తి మరీ చిన్నదేమీ కాదు. డబ్బా తెరిచి పిన్నులకు, స్టిక్కరుకు ఫోన్‌తో ఫొటో తీసుకుని సీటీసీకి వెళ్తే అంత దూరం రెండోసారి తిరగాల్సిన పని తప్పుతుంది.

అన్నీ కుదిరాక మిగిలేవి డబ్బా బయట ఉన్నవి. దుకాణాల్లో ఎక్కువగా కనిపించే 600 వీఏ యూపీఎస్ చాలావాటిలో ఇచ్చేది 360 వాట్లే. కొత్త కార్డూ మానిటరూ కలిసి నిండా లాగుతున్నప్పుడు కరెంటు పోతే అది కూతపెట్టి ఆగిపోతుంది. వెయ్యి వీఏ దాటినదైనా ఉండాలి, ఇన్వర్టరు మీద నడిపేవారు అది సైన్ వేవ్ రకమో కాదో చూసుకోవాలి. గోడ సాకెట్‌లో మూడో రంధ్రానికి వైరు ఉందా అన్నది ఇంకా ముఖ్యం. డబ్బా అంచుకు చెయ్యి తగిలితే చిమచిమలాడుతోందంటే ఎర్తింగు లేదని అర్థం. ఎలక్ట్రీషియన్‌ను పిలిచి మీటరుతో న్యూట్రలుకూ ఎర్తుకూ మధ్య వోల్టేజి కొలిపించండి. రెండు మూడు వోల్టులు దాటితే ఎర్తింగు గుంత తవ్వించి ఎన్నేళ్లయిందో, అందులో బొగ్గూ ఉప్పూ మిగిలాయో లేదో చూడాలి. ముహూర్తాలు మొదలయ్యే ముందే ఆ గుంతలో రెండు బిందెల నీళ్లు పోయించండి.