పడుగు మాది, పేక వాళ్లది

సిరిసిల్లలో సాంచెలు నడిపే ఒకాయన జగిత్యాలలోని మా దవాఖానకు వచ్చేసరికి కుడికాలి రెండో వేలు నల్లబడిపోయింది. చెప్పులోంచి మేకు దిగినా తెలియక, రెండు రోజులు పన్నెండేసి గంటలు నిలబడి పనిచేశాడు. పదిహేనేళ్ల షుగరు ఆ పాదంలో నొప్పిని ఎప్పుడో తినేసింది. వేలు తీసేశాం. దాని వెనక కుళ్లిన కండనూ కోసేశాం. చీము పట్టినచోట కుట్లు వేసి మూసేయలేం గనుక గాయాన్ని తెరిచే ఉంచాం.

మూడోరోజే ఆయన భార్య అడిగింది. "సార్, మా పక్కింటాయనకు ఏదో పొర ఏసిండ్రట. మాకు గూడ ఎయ్యరాదుండ్రి."

అది కొల్లాజెన్ పొర. ఎక్కువగా పశువుల చర్మం, కండర బంధనాల నుంచి తీస్తారు. తోలు పరిశోధనకు 1948లో మొదలైన చెన్నైలోని కేంద్ర సంస్థ కొల్లాజెన్‌ను వైద్యానికి మలిచే పని కూడా చేసింది. ఎక్కడి నుంచి వస్తుందో నేను ముందే చెప్పేస్తాను. వద్దన్నవాళ్లకు వేయను. ఒంటి మీద వేసేదేమిటో తెలుసుకునే హక్కు వాళ్లది.

ఆమెను ఆగమన్నాను. పాదం మీద నాడి నా వేలికి తగలాలి, చీము ఆగాలి, చచ్చిన కండ మిగలకూడదు. అవేవీ లేకుండా వేస్తే ఖరీదైన పొర చీములో కరిగిపోతుంది. పన్నెండోరోజున గాయం అడుగున ఎర్రటి గింజల్లా కొత్త కండ లేచింది. అప్పుడు పొరను సెలైన్‌లో కడిగి పరిచాను. మానని పుండులో మాంసకృత్తులను కొరికేసే ఎంజైములు మితిమీరి ఉంటాయి. అవి ఈ బయటి కొల్లాజెన్ మీద పడితే ఒంటి కండకు కాస్త తెరిపి దొరుకుతుంది. ఒంటి కణాలు ఆ అల్లికలోకి పాకి సొంత కొల్లాజెన్ తయారు చేసుకుంటాయి, పొర కరిగిపోతుంది. ఇదంతా విని ఆయన, "అంటే పడుగు మీరు పోసిండ్రు, పేక నాదన్నట్టు" అన్నాడు. ఇంతకన్నా బాగా నేను చెప్పలేను.

అయినా ఈ పొర మీద మోజు పెంచడం నాకిష్టం లేదు. డయాబెటిక్ పాదాలపై పనిచేసే అంతర్జాతీయ నిపుణుల బృందం 2023 మార్గదర్శకాల్లో, పుండు మానడానికని కొల్లాజెన్ డ్రెస్సింగులు వాడొద్దనే చెప్పింది. రుజువులు బలంగా లేవు. ఆపరేషన్ తర్వాత తెరిచి ఉంచిన శుభ్రమైన గాయానికి, చూసి చూసి, అరుదుగా మాత్రమే వాడుతున్నాను.

నాకు ఆ జాగ్రత్త నేర్పింది కోరుట్ల బీడీ కార్మికురాలు. చీలమండ వెలుపలి ఎముక మీద పుండు. నడవొద్దన్నాను, నడవలేదు. షుగరు అదుపులో ఉంది, నాడి బాగుంది. రెండుసార్లు పొర వేసినా మానలేదు. మూడోసారి వచ్చినప్పుడు ఆమె బల్ల దిగి నేలమీద బాసింపట్టు వేసుకుని కూర్చుంది. చీలమండ సరిగ్గా గచ్చును ఒత్తుకుంటోంది! పొద్దున్నుంచి దీపాలు పెట్టేదాకా చేట ఒళ్లో పెట్టుకుని ఆమె కూర్చునేది అట్లాగే. నేను అడగనే లేదు. ఆ రెండు పొరల డబ్బు ఆమె కూలిది. ఆ తప్పు నాదే.

మంచం మీద కాలు చాపి, పిక్క కింద దిండు పెట్టి, చీలమండకు ఏదీ తగలకుండా బీడీలు చుట్టుకోమన్నాను. మళ్లీ పొర వేయలేదు. ఏడు వారాలకు పుండు మూసుకుంది. కట్టు విప్పుతుంటే చెప్పింది: "కాలు నిలిచింది సార్. గని ఇట్ల కూసుంటె వెయ్యి బీడీలు అయ్యేకాడ ఆరునూర్లే అయితున్నయి."