జీడిపప్పుకి ఏ లైటు కొనాలి?

పలాస జీడిపప్పు ధరని ముఖ్యంగా తేల్చేవి రెండు: సైజు, రంగు. ప్యాకెట్ల మీద మీరు చూసే డబ్ల్యూ 180, 210, 240, 320 అంకెలకి అర్థం, ఒక పౌనుకి, అంటే 454 గ్రాములకి, సుమారు ఎన్ని గుండు పప్పులు తూగుతాయని. అంకె తగ్గేకొద్దీ పప్పు పెద్దది, ధర ఎక్కువ. ముందున్న ‘డబ్ల్యూ’ తెలుపుకి గుర్తు. అదే పప్పుకి వేడి కాస్త ఎక్కువ తగిలి లేత గోధుమ రంగుకి తిరిగిందంటే ‘ఎస్‌డబ్ల్యూ’ అయిపోతుంది. రుచిలో పెద్ద తేడా ఉండదు, ధరలో మాత్రం ఉంటుంది. పలాస-కాశీబుగ్గలో జీడి ఫ్యాక్టరీకి వెళ్తే, పప్పు ముందు పోసుకుని కంటితోనే రంగులు వేరుచేసే ఆడవాళ్లు కనబడతారు. వాళ్ల కన్ను చేసే పని ఫోన్ కెమెరా చేయలేదు. మా ఇంటి కష్టం అక్కడే మొదలైంది.

మా అప్ప అత్తారిల్లు వజ్రపుకొత్తూరు మండలం. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను ఆ దగ్గర్లోనే తీరం దాటింది. ఉద్దానంలో జీడి, కొబ్బరి చెట్లు వేళ్లతో సహా లేచి పడ్డాయి. కొబ్బరి మొక్క నాటితే కాపుకి ఏళ్లు పడుతుంది, అప్పులవాళ్లు అన్నేళ్లు ఆగరు కదా! అందుకే బావా అప్పా కలిసి 80 కిలోల పిక్కల బస్తాలు కొని, పప్పు తీయించి, ఇంట్లోనే గ్రేడు చేసి ప్యాకెట్లు కట్టడం మొదలెట్టారు. నేను హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాను కాబట్టి ఆన్‌లైన్ అమ్మకం సంగతి నాకు అప్పజెప్పారు.

ఫొటోలు మాత్రం బావ ఒక స్టూడియోలో తీయించాడు. పప్పు పాలలా మెరిసిపోయింది, ఆర్డర్లూ వచ్చాయి. మొదటి నెలలోనే ఐదు ప్యాకెట్లు వెనక్కి కూడా వచ్చాయి. ‘ఫొటోలో తెలుపు, వచ్చింది పసుపు’ అని ఫిర్యాదు. తినే వస్తువు ఒకసారి తిరిగొచ్చాక మళ్లీ అమ్మలేం, పైగా పార్సిలు ఖర్చు మాదే. అప్ప ప్యాకెట్టునీ ఫొటోనీ పక్కపక్కన పెట్టి, “ఏట్రా ఇది? మన పప్పు ఎప్పుడైనా ఇంత తెల్లగా ఉంటాదేటి?” అంది. ఆ రోజునుంచి ఫొటోల పని కూడా నాదే అయింది.

ఖర్చులేని వెలుగు ఎండ కదా, అరుగు మీద తీస్తే సరిపోదా అని మీకు అనిపించొచ్చు. ఉద్దానంలో ఇళ్ల చుట్టూ కొబ్బరి, జీడి, పనస. ఆ ఆకుల్లోంచి వచ్చే వెలుగుకి పచ్చ ఛాయ ఉంటుంది. గోడకి నీలం సున్నం ఉంటే అదొకటి తోడు. మన కన్ను వాటిని సర్దుకుపోతుంది గానీ కెమెరా పట్టిచూపిస్తుంది. దానికితోడు అప్పకి పని తెమిలేది రాత్రి ఎనిమిది దాటాకే. కాబట్టి లైటు కొనక తప్పదు.

నాలుగైదు వారాలు చదివి, అడిగి నేను తేల్చుకున్న మొదటి విషయం: జీడిపప్పు కదలదు. పెళ్లి ఫొటోలకైతే కదిలే మనుషుల్ని పట్టాలి, గట్టి ఫ్లాష్ కావాలి. ఇక్కడ స్టాండు మీద కెమెరా పెట్టి, ఐఎస్ఓ 100లో ఉంచి, షట్టరు నెమ్మదిగా తెరిచినా నష్టం లేదు. అంటే వాట్ల కోసం డబ్బు పోయక్కర్లేదు, రంగు నిజంగా చూపించే లైటుకి పెడితే చాలు.

దానికి కొలత ఉంది. లైటు డబ్బా మీద సీఆర్ఐ అని రాస్తారు. నూటికి ఎంత దగ్గరైతే రంగులు అంత సహజంగా కనిపిస్తాయి. ఇంట్లో వాడే మామూలు ఎల్ఈడీ బల్బులు చాలావరకు 80 దగ్గర ఉంటాయి. మనకి 95 పైన కావాలి. ఒక్క మెలిక ఏమిటంటే, ఆ సగటు ఎనిమిది లేత రంగులమీద కట్టింది. ముదురు ఎరుపుని ‘ఆర్9’ అని విడిగా కొలుస్తారు. వేయించిన పప్పు గోధుమ రంగులో ఎరుపు ఛాయ ఉంటుంది కాబట్టి ఆ అంకె కూడా అడిగి కొనండి. రంగు ఉష్ణోగ్రత 5,000 నుంచి 5,600 కెల్విన్ మధ్య ఉంటే పగటి వెలుగులా ఉంటుంది. ఫొటో తీసేటప్పుడు గదిలో మిగతా లైట్లన్నీ ఆర్పేయాలి. పక్కగదిలో పసుపు బల్బు వెలుగు కలిసినా మొత్తం చెడుతుంది. పప్పుని తీసే ముందు గ్రే కార్డుని అదే లైటులో ఒకసారి తీసి, దాన్నిబట్టి వైట్ బ్యాలెన్స్ పెట్టుకోవాలి.

మనకి కరెంటు 50 హెర్ట్జ్‌లో వస్తుంది. చవక ఎల్ఈడీ సెకనుకి వందసార్లు మినుకుమంటుంది. షట్టరు మరీ వేగంగా పెడితే ఫొటోలో చారలు పడతాయి. 1/50 గానీ 1/100 గానీ పెడితే ఆ బాధ తగ్గుతుంది. నేనైతే బ్యాటరీతో నడిచే చిన్న ప్యానెల్ తీసుకున్నాను, ఊళ్లో కరెంటు పోయినా పని ఆగదు.

రింగ్ లైట్ కొంటానని బావ సరదాపడ్డాడు. ముఖానికి బాగుంటుంది గానీ, వెలుగు ఎదురుగా పడితే పప్పు వంపు పోయి బిళ్ళలా కనిపిస్తుంది. లైటుని పక్కనుంచి, కొంచెం వెనగ్గా పెట్టి, మధ్యలో ట్రేసింగ్ పేపరు కట్టి, రెండోవైపు థర్మోకోల్ ముక్క నిలబెడితే వంపు, గీత, పొడి మెరుపు అన్నీ వస్తాయి. వెలిగే కాగితం ఎంత పెద్దదై, ఎంత దగ్గరుంటే నీడ అంత మెత్తన. పప్పు పక్కన రూపాయి బిళ్ళ పెట్టడం మర్చిపోకండి. అది లేకపోతే 240కీ 320కీ తేడా ఫొటోలో ఎవరికీ తెలీదు.

అన్ని వస్తువులకీ ఇదే సూత్రం కాదు. టెక్కలిలో గ్రానైటు పాలిషింగ్ పనిలో ఉన్న నా స్నేహితుడికి నీలం రాయి ఫొటోలు కావలసివచ్చాయి. పాలిష్ పట్టిన రాయి అద్దంతో సమానం, లైటునీ ఫొటో తీసేవాణ్నీ కూడా చూపిస్తుంది. వెలుగు ఏ కోణంలో పడితే అదే కోణంలో వెనక్కి పోతుంది కాబట్టి లైటుని ఆ దారి తప్పించి పెట్టి, కెమెరా వెనక నల్లగుడ్డ కడితే రాతిలోని నీలం బయటపడింది. రత్నాలది మళ్లీ వేరే తీరు. ఉత్తరాంధ్ర కొండల్లో దొరికే వైడూర్యానికి, అదే పిల్లికన్ను రాయికి, మెత్తటి వెలుగు పనికిరాదు. చిన్న టార్చిలాంటి ఒక్క బిందువు వెలుగు పైనుంచి పడితేనే ఆ గీత చక్కగా తేలుతుంది.

లైటు సరిపడ్డాక అసలు వాదన ఇంట్లో మొదలైంది. నిజం రంగులో మా పప్పు మీగడలా ఉంది, పక్కవాళ్ల ఫొటోల్లో మల్లెపువ్వులా ఉంది. “కొంచెం తెలుపు పెంచెయ్యరా, అందరూ అదే చేస్తన్నారు” అన్నాడు బావ. ఎడిటింగులో అది వేలితో ఒక్క జరుపు పని. ఎస్‌డబ్ల్యూని డబ్ల్యూలా చూపించడానికి కూడా అంతే పడుతుంది. అప్ప ఒప్పుకోలేదు. “అలాగ్గాని పంపితే మళ్లీ వెనక్కొస్తాయి. మల్లీ ఆ పార్సిలు డబ్బులు నువ్విస్తావేటి?” అంది. చివరికి రెండు రకాల్నీ ఒకే లైటు కింద, ఒకే ప్లేటులో పక్కపక్కన పెట్టి తీశాం. ఎస్‌డబ్ల్యూ ప్యాకెట్టు మీద ‘పాయసానికీ కూరలకీ’ అని రాసి ధర తగ్గించాం.

ఆర్డర్లు మొదట్లో తగ్గినమాట నిజం. ఆ రెండు నెలలు బావ నాతో ముభావంగానే ఉన్నాడు. తర్వాత రంగు బాగాలేదని ఒక్క ప్యాకెట్టూ తిరిగి రాలేదు, కొన్నవాళ్లే మళ్లీ కొంటున్నారు. ఇప్పుడు ముందు అయిపోయేది ఎస్‌డబ్ల్యూనే.

మీరూ ఇంట్లో తయారైన వస్తువేదైనా అమ్మాలనుకుంటే నా సలహా: ముందు గట్టి స్టాండు, తర్వాత 95 పైన సీఆర్ఐ ఉన్న ఒక్క లైటు, ఆ తర్వాత గ్రే కార్డు, థర్మోకోల్, ట్రేసింగ్ పేపరు. ఇవన్నీ కలిపి నాకు ఏడువేల లోపే అయింది. కెమెరా మార్చడం గురించి ఆఖర్న ఆలోచించవచ్చు, మావన్నీ ఇప్పటికీ ఫోనుతో తీసినవే. సముద్రపు గాలి తగిలే ఊరైతే సామానంతా మూతగట్టి డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో దాచండి, లేకపోతే తుప్పూ బూజూ పట్టేస్తాయి.

ఈ వేసవిలో కొత్త పిక్క వచ్చాక ఫొటోలు తనే తీస్తానంది అప్ప. లైటు ఎక్కడ పెట్టాలో నేలమీద సున్నంతో గీత గీసుకుంది, షట్టరు అంకె గోడమీద బొగ్గుతో రాసుకుంది.