ముక్కలు చేసే ముందు నకలు తీయాలె



మొన్న ల్యాబ్ పరీక్షల మా హాస్టలోళ్లకు సీ ప్రోగ్రాం వచ్చింది: వాక్యాన్ని మాటలుగా విడగొట్టి, చివర్ల అసలు వాక్యం కూడా ప్రింట్ చేయాలె. మేం కొమురం భీం నినాదం ఇచ్చినం: ‘జల్ జంగల్ జమీన్’. స్టర్‌టాక్ మూడు మాటలు మంచిగనే విడగొట్టింది. అసలు వాక్యం ప్రింట్ చేస్తే ‘జల్’ ఒక్కటే మిగిలింది! మార్కులు పోయినయ్.

జంగల్, జమీన్ మెమరీలనే ఉన్నయ్. కానీ ఖాళీ ఉన్నచోట స్టర్‌టాక్ నల్ క్యారెక్టర్ పెట్టేస్తది. ప్రింట్‌ఎఫ్ అక్కడే ఆగిపోతది.

అందుకే ముందుగా స్టర్‌లెన్‌కు ఒకటి కలిపి మాలాక్‌తో చోటు తీసుకోవాలె. ఆ ఒకటి చివరి నల్ కోసం. స్టర్‌కాపీతో నకలు తీసి, నకలునే ముక్కలు చేయాలె. పనయినంక ఫ్రీ చేయాలె. అసలుది భద్రంగ ఉంటది.

మన ఇండ్లల్ల ఇవి చెప్పెటోళ్లు లేరు. మనమే ఒకరికొకరం చెప్పుకుందాం.