గడ్డ పోయింది, జబ్బు పోలేదు



మాది పల్నాడు జిల్లా ఈపూరు. పత్తి, మిరప వేసుకొని బ్రతికే కుటుంబము. 2017లో మా అమ్మకు రొమ్ములో శనగగింజంత గడ్డ తగిలింది. నొప్పి లేదు, పైగా సిగ్గు. ఎవరికీ చెప్పలేదు. మాకు తెలిసేసరికి నిమ్మకాయంత అయింది. గుంటూరులో ముక్క తీసి పరీక్ష చేసి క్యాన్సర్ అన్నారు. ముందు మందు ఎక్కించి గడ్డను తగ్గించాలి, తరువాత ఆపరేషన్ చేయాలి, ఆపైన కరెంటు పెట్టాలి అని డాక్టరుగారు వరుసగా చెప్పారు.

నాలుగుసార్లు మందు ఎక్కేసరికి గడ్డ చేతికి తగలలేదు. అమ్మకు జుట్టు ఊడింది, నోరు పూసింది, అన్నము సహించలేదు. ఇక్కడ చూస్తే మిరప కోతలు. "ప్రభువు ముట్టాడు, ఇక చాలు" అనుకున్నాము. మందిరములో అమ్మచేత సాక్ష్యము చెప్పించాము. మళ్ళీ ఆసుపత్రికి వెళ్ళలేదు. ఏడాది తిరగకముందే అమ్మ నడుము నొప్పితో మంచము పట్టింది. జబ్బు ఎముకలకు పాకిందన్నారు.

"నయమైనది మళ్ళీ ఎందుకు వచ్చిందండీ?" అని అడిగాము. డాక్టరుగారు మమ్మల్ని కసరలేదు. "మీరు పత్తి రైతులేగా? పచ్చపురుగుకు ఒకే మందు పదేపదే కొడితే ఏమవుతుంది?" అన్నారు. అది మాకు తెలిసిన సంగతే. చాలా పురుగులు చస్తాయి. తట్టుకున్న నాలుగు పిల్లలు పెడతాయి. తరువాత ఆ మందు పనిచేయదు. గడ్డలోనూ అంతేనట. అందులోని కోట్లాది కణములు అన్నీ ఒక్కలాంటివి కావు. మందుకు లొంగని కొన్ని మిగిలి మళ్ళీ పెరుగుతాయి. కొన్ని ముందుగానే రక్తములో కలిసి ఎముకలకో కాలేయమునకో చేరి అణగి ఉంటాయి. అక్కడికి కత్తి చేరదు.

ఇంకొక చిక్కు ఉన్నది. మలేరియా వంటి జబ్బుల క్రిమి బయటినుండి వస్తుంది. క్యాన్సర్ కణము మన శరీరములోనిదే, హద్దు మరచి పెరిగినది. ప్రభువు చెప్పిన గోధుమలు, గురుగుల ఉపమానము మాకు జ్ఞాపకమొచ్చింది. గురుగులు పీకబోతే గోధుమలూ వస్తాయి. మందు కూడా అంతే, త్వరగా పెరిగే కణములన్నిటినీ కొడుతుంది. అమ్మ జుట్టు ఊడింది అందుకే.

భీమవరములో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారి బృందము అమెరికాలో అమినోప్టెరిన్ అనే మందు తయారుచేసింది. బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అనే డాక్టరు దానిని రక్త క్యాన్సర్ ఉన్న పిల్లలకు ఇచ్చి, 1948లో ఫలితములు ప్రకటించారు. 16 మందిలో 10 మందికి గుణము కనిపించింది. అయితే అది కొంతకాలమే నిలిచింది. తరువాత పలు మందులు కలిపి రెండు మూడేళ్ళు విడువక ఇచ్చే పద్ధతి వచ్చింది. నేడు మంచి వైద్యము అందిన చోట ఆ పిల్లలలో ఎక్కువమంది బ్రతుకుతున్నారు.

2019లో అమ్మ ప్రభువునందు నిద్రించింది. విశ్వాసము చాలలేదని కొందరు, పాపమని కొందరు అన్నారు. పుట్టుగ్రుడ్డివాని విషయములో శిష్యులు అలాగే అడిగితే, ప్రభువు ఆ నింద అతనిమీద గాని, తలిదండ్రులమీద గాని వేయలేదు. మేము ప్రార్థించుట తప్పు కాదు, వైద్యము సగములో విడిచిపెట్టుట మా తప్పు. పూర్తిచేయిస్తే అమ్మ బ్రతికేదేమో, దేవునికే తెలుసు.

చివరి రోజులలో అమ్మ ఒక్కటే కోరింది: "స్త్రీల కూటములో చెప్పండి. గడ్డ తగిలితే నాలాగ దాచుకోవద్దని చెప్పండి." ఆ మాట కొరకే ఇది వ్రాశాము. అక్కలారా, చెల్లెలారా, వెంటనే చూపించుకొనండి. డాక్టరు చాలు అనేవరకు వైద్యము మానకండి. సాక్ష్యము ఆ తరువాత చెప్పుకుందాము. ప్రభువు మీకు తోడైయుండును గాక.