జనం లేని వేళ కళింగపట్నం

ఆదివారం సాయంత్రం కళింగపట్నం బీచి ఎలా ఉంటుందో శ్రీకాకుళం, విజయనగరం వైపు ఆడవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. ఇక కార్తీకమాసం ఆదివారాలు, జనవరి ఒకటో తారీఖు, సంక్రాంతి సెలవులు అయితే సముద్రం కంటే ముందు జనమే కనిపిస్తారు. వంట సరంజామా అంతా అక్కడికి మోసుకెళ్ళి, ఇసకలో పొయ్యి వెలిగించి, అందరికీ వడ్డించి, గిన్నెలు సర్దుకునేసరికి పొద్దు గూకిపోతుంది. "సముద్రం ఎలా ఉంది?" అని ఎవరైనా అడిగితే మనం ఏం చెబుతాం? వంటిల్లు చోటు మారింది, అంతే కదా!

అదే తీరానికి వారం మధ్యలో, పొద్దున్నే వెళ్ళి చూడండి. అది వేరే ఊరనిపిస్తుంది.

ఉదయమే ఎందుకంటే...

మనది తూర్పు తీరం. సాయంత్రం సూర్యుడు మన వెనకాల, ఊళ్ళ వైపు దిగిపోతాడు. నీళ్ళలోంచి పైకి వచ్చేది ఉదయం పూటే. జనమంతా సాయంత్రం వస్తారు కాబట్టి అసలు వేడుక చూసేవాళ్ళు తక్కువ. మంగళ, బుధ, గురువారాల్లో ఏదో ఒకటి ఎంచుకోండి. సూర్యోదయమే చూడాలంటే సొంత బండి గానీ, ముందురోజు మాట్లాడుకున్న ఆటో గానీ ఉండాలి. బస్సు మీద వెళ్ళినా ఎనిమిదింటికి చేరితే చాలు, పదింటి వరకూ హాయిగా గడపొచ్చు. ఆ తర్వాత ఇసక కాలుతుంది.

నవంబరు చివర నుంచి ఫిబ్రవరి వరకూ మంచి కాలం. అక్టోబరు, నవంబరుల్లో మాత్రం రేడియోలో, టీవీలో వాతావరణం విని బయల్దేరండి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను మన పలాస దగ్గరే తీరం దాటి ఉద్దానం కొబ్బరితోటల్ని ఎలా కూల్చేసిందో ఈ జిల్లా వాళ్ళు ఎన్నటికీ మర్చిపోరు.

ఎలా వెళ్ళాలి?

శ్రీకాకుళం నుంచి కళింగపట్నం దాదాపు 30 కిలోమీటర్లు. ఆర్టీసీ కాంప్లెక్స్ నుంచి బస్సులుంటాయి. రైల్లో వచ్చేవాళ్ళు ఆమదాలవలసలో ఉన్న శ్రీకాకుళం రోడ్ స్టేషన్లో దిగి ముందు శ్రీకాకుళం చేరుకోవాలి. 2025 ఆగస్టు 15 నుంచి మన రాష్ట్రం ఆడవాళ్ళకి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టిక్కెట్టు డబ్బు లేదు కదా! ఆధార్ కార్డు మాత్రం పర్సులో పెట్టుకోండి. దిగగానే తిరుగు బస్సు ఎన్నింటికో కండక్టరుని అడిగి ఉంచుకోండి.

జనం లేని చోటికి ఒంటరిగా మాత్రం వెళ్ళకండి. వదినగారో, పక్కింటి పిన్నిగారో, ఇద్దరు ముగ్గురు కలిసి వెళితే ధైర్యానికి ధైర్యం, కబుర్లకి కబుర్లు. ఇంకో మాట. ఇలాంటి ప్రయాణాల్లో మనం బాత్రూముకి భయపడి మంచినీళ్ళు తాగడం మానేస్తాం. అది ఒంటికి మంచిది కాదు. కాంప్లెక్స్‌లోనే ఆ పని చూసుకుని బస్సెక్కండి. మనిషికి రెండు లీటర్ల నీళ్ళు పట్టుకెళ్ళండి.

పొయ్యి వద్దు, క్యారియర్ చాలు

ఆ రోజు వంట ఇంట్లోనే ముగించెయ్యండి. ఆవ పెట్టిన పులిహోర ఒక గిన్నె, పెరుగన్నం ఒక గిన్నె, నంచుకోడానికి మాగాయ ముక్క. పెరుగన్నం పులిసిపోతుందంటారా? అన్నం వేడిగా ఉండగానే మెత్తగా చిదిమి, కాచి చల్లార్చిన పాలు ఎక్కువగా పోసి, గోరువెచ్చగా అయ్యాక చెంచాడు పెరుగు కలిపి మూత పెట్టండి. మధ్యాహ్నానికి అక్కడే కమ్మగా తోడుకుంటుంది. చలికాలమైతే దారిలో తేగలు, ఎండాకాలమైతే తాటిముంజలు దొరికితే కొనుక్కోండి. తిన్న ఆకులు, కవర్లు ఒక సంచిలో వేసుకుని వెనక్కి తెచ్చెయ్యండి. మనం వెళ్ళేది శుభ్రమైన ఒడ్డు కోసమే కదా!

పొద్దున్నే వెళితే తెప్పలు, బోట్లు ఒడ్డుకి రావడం చూడొచ్చు. గంగపుత్రుల ఆడవాళ్ళు బుట్టలతో ఎదురుచూస్తూ ఉంటారు. మనకి సరదా రోజు గానీ, వాళ్ళకి అది పని వేళ. వలలు తొక్కకుండా పక్కగా నడవండి.

మొగ దగ్గర జాగ్రత్త

ఇది మాత్రం తప్పకుండా చదవండి. కళింగపట్నం దగ్గర వంశధార సముద్రంలో కలుస్తుంది. ఆ మొగ చూడ్డానికి ప్రశాంతంగా, లోతు లేనట్టు కనిపిస్తుంది. కానీ నది ఇసకని తెచ్చి పోస్తుంది, అల దాన్ని తోసేస్తుంది. నిన్న మోకాళ్ళ లోతున్న చోట ఇవాళ నిలువు లోతు ఉండొచ్చు. పోటు తీసే వేళ నీరు లోపలికి గట్టిగా లాగుతుంది. అక్కడ పిల్లల్ని దింపనే దింపకండి. బీచిలో కూడా మోకాళ్ళు దాటి వెళ్ళొద్దు. జనం తక్కువున్న రోజు సాయానికి వచ్చేవాళ్ళు కూడా తక్కువే కదా! ఏ వైపు దిగొచ్చో అక్కడి బోటువాళ్ళనే అడగండి.

చీరతో నీళ్ళలో దిగితే తడిసి కాళ్ళకి చుట్టుకుంటుంది. పాత నూలు పంజాబీ డ్రెస్ నయం. ఎవరైనా కొట్టుకుపోతుంటే చెయ్యి చెయ్యి పట్టుకుని అందరూ దిగెయ్యకండి. అలాగే ఒకరి వెంట ఒకరు ప్రాణాలు పోగొట్టుకుంటారు. మూత బిగించిన ఖాళీ ప్లాస్టిక్ డబ్బా విసిరి, గట్టిగా కేకలు వెయ్యండి.

తాబేళ్ళ పుట్టిల్లు

జనవరి నుంచి మార్చి వరకూ రాత్రుళ్ళు ఆలివ్ రిడ్లే తాబేళ్ళు మన తీరానికి వచ్చి ఇసకలో గుంట తీసి, సుమారు నూరు గుడ్లు పెట్టి వెళ్ళిపోతాయి. ఏడు వారాలకి పిల్లలు బయటికొచ్చి, వెలుతురు ఉన్న వైపు సముద్రమనుకుని పరిగెడతాయి. మనం టార్చి వేస్తే దారి తప్పి చచ్చిపోతాయి. గుడ్లు కనబడితే ముట్టుకోకండి, పిల్లల్నీ ముట్టుకోనివ్వకండి. చట్టప్రకారం కూడా అది నేరమే.

ఎండెక్కాక శాలిహుండం

పదింటికి బీచి వదిలి సుమారు అయిదు కిలోమీటర్ల దూరంలో ఉన్న శాలిహుండం కొండకి వెళ్ళండి. క్రీస్తు పూర్వం నాటి బౌద్ధ స్తూపాలు, విహారాల పునాదులు ఇక్కడున్నాయి. వీటిని 1919లో వెలుగులోకి తెచ్చింది ఎవరో తెలుసా? మనం మాట్లాడే తెలుగులోనే రాయాలని పోరాడిన గిడుగు రామమూర్తి పంతులుగారు! శల్యపేటిక, అంటే ఎముకల పెట్టె అనే మాటే శాలిహుండం అయిందని ఒక మాట ఉంది. పైనుంచి చూస్తే వంశధార వంపు తిరిగి సముద్రం వైపు పోవడం కనిపిస్తుంది. క్యారియర్లు విప్పడానికి కొండ కింద చెట్టు నీడ చూసుకోండి.

ఓపికుంటే సాయంత్రం గార మీదుగా శ్రీకూర్మం వెళ్ళి, కూర్మనాథస్వామి దర్శనం చేసుకోండి. పొద్దున్న తాబేలు గుడ్ల జోలికి వెళ్ళొద్దని పిల్లలకి చెప్పిన మాట, అక్కడ స్వామిని చూశాక వాళ్ళకి ఇంకా బాగా నాటుకుంటుంది.

అన్నట్టు, ఆ రాత్రి వంట గురించి బెంగ పెట్టుకోకండి. బయల్దేరే ముందే ఇంట్లో మగవాళ్ళతో చెప్పెయ్యండి, రాత్రికి చారూ అన్నం వాళ్ళే వండాలని!