గోడలోని గోమార్లు

మేము పెరంబూరులో స్థిరపడి మూడు తరాలైంది. యింట్లో తెలుగూ తమిళమూ రెండూ నడుస్తాయి. కుక్కను పట్టే గోమారిని మా అమ్మగారు పిడుదు అంటారు, పిల్లలు ఉణ్ణి అంటారు. పేరేదైనా, పోయిన వేసవిలో అది మా రాజును పట్టి, యింటిల్లిపాదినీ పీడించింది.

మొదట రాజు చెవులలోను, కాలివేళ్ళ సందులలోను కనబడ్డాయి. కొద్దిరోజులకే గోడల మీద పైకి పాకసాగాయి. మేడమీది యింటివారు చూసి, "కుక్కను పంపించండి, లేదా యిల్లు ఖాళీ చేయండి" అన్నారు. ఆ రాత్రి మా చిన్నమ్మాయి అన్నం ముట్టలేదు. మర్నాడు రాజూ ముట్టలేదు. ఒళ్ళు కాలిపోతున్నది.

వేపేరిలో 1903లో వెలసిన పశువైద్య కళాశాల ఆసుపత్రికి తీసుకుపోయాము. డాక్టరుగారు నెత్తురు పరీక్ష చేయించి, గోమారి కాటువల్ల వచ్చే ఎర్లికియా జ్వరమని తేల్చారు. నాలుగు వారాలకు మందిచ్చి, మాకు అసలు సంగతి చెప్పారు.

ఈ పురుగు కుక్కమీదికి భోజనానికే వస్తుంది. కాపురం మన గోడలోనే. గుడ్డునుంచి వెలువడిన పిల్లకు 6 కాళ్ళు, తరువాతి దశలలో 8. మూడు దశలలోను నెత్తురు త్రాగి, కడుపు నిండగానే దిగి పగుళ్ళలో దాగుతుంది. ఆడది అక్కడే వేలకొద్దీ గుడ్లు పెట్టి చస్తుంది. ఎదిగిన గోమారి తిండిలేకున్నా నెలల తరబడి బ్రతుకుతుంది.

కనుక కుక్కను వెళ్ళగొట్టినంతమాత్రాన అవి పోవు. ఆకలిగొంటే మనుషులనూ కుట్టవచ్చు. యీ మాటే యింటివారితో చెప్పి రెండు నెలలు గడువడిగాము. వారు సరేనన్నారు.

గోడ పగుళ్ళకు సిమెంటు పూశాము. రాజు పడుకునే గోనెపట్టాను పారవేసి, పాత దుప్పటి వేసి, వారం వారం మరిగే నీళ్ళలో ఉడికించాము. డాక్టరుగారు చెప్పిన మందు నెలనెలా రాజుకు పూశాము. ఒంటిమీది గోమార్లను వేళ్ళతో నలపకుండా, పట్టకారుతో చర్మానికి దగ్గరగా పట్టి తిన్నగా లాగి, సబ్బునీళ్ళలో వేశాము. గడువు తీరేనాటికి గోడలు శుభ్రపడ్డాయి. రాజు గడపలోనే వున్నాడు.

పిల్లిని కూడా పెంచేవారికి ఒక హెచ్చరిక. పెర్మెత్రిన్ కలిసిన కుక్కల మందు పిల్లికి ప్రాణాంతకం. యిక కుక్కను మాత్రమే కడిగి తృప్తిపడేవారికి మన పెద్దల మాటే చాలు: యిల్లు అలకగానే పండుగ కాదు.