చెవి కోసుకునేవాళ్లు

డెస్కులో చేరిన కొత్తలో ఒక రాత్రి పదిన్నరకి ఏజెన్సీ కాపీ ఒకటి నా ముందు పడింది. ఎవరో విదేశీ పెద్దమనిషి పోయారు. చివరి పేరాలో ఆయన 'జాజ్ బఫ్' అని ఉంది. పేజీ వెళ్లిపోవాలి, నిఘంటువు తిరగేసే తీరిక లేదు. బఫ్ అంటే బఫూన్‌కి పొట్టి పేరు కాబోలనుకుని 'జాజ్ సంగీత విదూషకుడు' అని రాసిపారేశాను. షిఫ్ట్ ఇన్‌ఛార్జి ప్రూఫు చూసి, "ఏమయ్యా, పోయినాయన్ని కూడా వదలవా?" అంటూ ఎర్రపెన్నుతో కొట్టేసి 'అభిమాని' అని దిద్దారు.

సిగ్గేసి మర్నాడు ఆ మాట పుట్టుక వెతికాను. తీరా చూస్తే మూలంలో గేదె ఉంది! ఫ్రెంచివాళ్లు గేదెని 'బుఫ్ల్' అంటారు. దాని తోలు ఇంగ్లిషులో 'బఫ్' అయింది, ఆ లేత పసుపు రంగుకీ అదే పేరు. 19వ శతాబ్దంలో న్యూయార్క్‌లో జీతం లేకుండా మంటలార్పే వాలంటీర్లు ఆ రంగు కోట్లు తొడుక్కునేవారు. తర్వాత్తర్వాత, ఎక్కడ నిప్పంటుకుంటే అక్కడికి పరిగెత్తి, ఆర్పడం చూస్తూ నిలబడేవాళ్లకి ఆ పేరు అంటుకుంది. 1903 నాటికే అక్కడి పత్రికలకెక్కింది. సినిమాకీ చరిత్రకీ పాకింది ఆ తర్వాతే.

'ఫ్యాన్' వేరు. అది ఫెనటిక్‌కి తోక తెగితే వచ్చిన మాట, అమెరికా బేస్‌బాల్ మైదానాల్లో స్థిరపడింది. ఫ్యాన్‌కి ప్రేమ చాలు. బఫ్‌కి ఆరా కూడా కావాలి. ఎన్నికల రోజుల్లో అయితే ఆ 'ఫ్యాన్' శీర్షికలో పెట్టాలన్నా జంకే, వైఎస్సార్ కాంగ్రెస్ గుర్తు అదే కదా.

మా ఇన్‌ఛార్జి గారి 'అభిమాని' నాకు ఇప్పటికీ పూర్తిగా మింగుడుపడదు. మన అభిమానికి ఎదురుగా ఒక మనిషి ఉండాలి: కటౌటు, పాలాభిషేకం, మొదటి ఆట టికెట్టు. శాసనాల మీద మనసుపడ్డవాడు ఎవరికి పాలు పోస్తాడు? పోనీ 'ఔత్సాహికుడు' అందామంటే, 'ఔత్సాహికులు దరఖాస్తు చేసుకోవాలి' అని ప్రకటనలు రాసీ రాసీ ఆ మాటకి ఆఫీసు వాసన పట్టించాం. 'ప్రియుడు' సంగీతానికీ భోజనానికీ బాగానే అతుకుతాడు. కానీ నేరవార్తల పేజీలో ఆయనకున్న పేరు మీకు తెలిసిందే. 'రసికుడు' సంగతి చెప్పనే అక్కర్లేదు.

అసలు చిక్కు నామవాచకం కోసం వెతకడంలో ఉందని నాకు ఆలస్యంగా తెలిసింది. మా అమ్మ ఎవరినీ 'ఫలానా ప్రియుడు' అనేది కాదు. "వాడు పాత పాటలంటే చెవి కోసుకుంటాడు" అనేది. పడిచస్తాడు, ప్రాణం పెడతాడు, తిండి మానేసి తిరుగుతాడు... ఇవన్నీ మనకి క్రియలే. అప్పట్నుంచీ కాపీలో అలాగే రాస్తున్నాను.

మొన్న కొత్త సబ్ ఎడిటర్ వచ్చి అడిగింది: "సార్, హిస్టరీ బఫ్‌కి ఏం పెట్టమంటారు?"

"చరిత్రంటే చెవి కోసుకుంటారు అని పెట్టమ్మా."

"హెడ్డింగ్ సార్, సింగిల్ కాలమ్. పట్టదు."

నేనూ కూర్చుని అక్షరాలు లెక్కపెట్టాను. నిజమే, పట్టదు. 'చరిత్రాభిమాని' అనే వెళ్లింది.